కాకి దిగని దీవి

అమ్మ పోయిన పదో రోజున కాకి ముట్టలేదు. విజయనగరంలో నేనుండే అపార్ట్‌మెంటు మేడ మీద, నీళ్ల ట్యాంకుల పక్కన విస్తరి వేసి, అన్నం, గారెలు, పనసకాయ కూర, అమ్మకి ప్రాణమైన ఎండు నెత్తళ్ల వేపుడు వడ్డించి, అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. ఉద్దానం నుంచి వచ్చిన బంధువులు చెంగులు నెత్తిన వేసుకుని ఆకాశం వంక చూస్తున్నారు. కాకులు లేక కాదు. ఎదురుగా సెల్ టవర్ మీద తీరిగ్గా కూర్చుని ముక్కులు గీరుకుంటున్నాయి. మా వైపు కన్నెత్తి చూడలేదు. కాకి ముట్టలేదంటే పోయినవాళ్లకి తీరని కోరికేదో ఉండిపోయిందని లెక్క. అదేదో ఊహించి, తీరుస్తామని పైకి గట్టిగా మాటిస్తే దిగుతుందని మా వాళ్ల నమ్మకం. అందుకని తలా ఒక మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

"ఓ సెల్లీ, నీ కూతుర్ని ఒంటరిగా ఒగ్గెయ్యం, దిగమ్మా!" అని మా పెద్దమ్మ, అంటే అమ్మ తోడికోడలు, చేతులెత్తి అరిచింది. కాకి దిగలేదు. "నీ కమ్మలు నీ కూతురే ఎట్టుకుంటాది, ఎవలికీ ఇవ్వదు!" అని ఇంకెవరో అన్నారు. నేను కమ్మలు పెట్టుకోనని అమ్మకి తెలుసు, కాకికి కూడా తెలిసినట్టుంది. అన్నదానం అన్నారు, ఊళ్లో గంగమ్మ గుడికి సున్నం అన్నారు. ఆఖరికి పెద్దమ్మ నా వైపు తిరిగి, "మీ యమ్మకి కోరికేటో నీకు తెలవదేటే? ఇన్నేళ్లు నీ కాడే ఉన్నాది గదా!" అంది. విస్తరి ఎత్తి కింద ఆవుకి పెట్టేశారు. కడుపునిండా ఏడవాలనిపించింది కానీ ఇంతమంది ఉన్న ఇంట్లో దానికి చోటేది?

ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. ఆ రోజూ కాకి ముట్టలేదు. కాలేజీ లైబ్రరీ ఉద్యోగం అయిపోయాక నాకు అమ్మ, అమ్మకి నేను. ఇప్పుడు ఒక్కదాన్నే రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి పారబోసుకోవడం అలవాటైపోయింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయినా మా పెదనాన్న మనవడు కిరణ్ ఉండిపోయాడు. వాడిది భోగాపురం వైపు స్థలాలు కొని అమ్మే వ్యాపారం. పొద్దున్నుంచి నా మొహం చూసి జాలిపడ్డాడో, లేక వాడి నోరు ఊరుకోలేదో, ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "సూడత్తా, ఇండోనేసియా. సిన్న సిన్న దీవులు. మన కాడ రేట్లు ఆకాసం మీదున్నాయి గాని, అక్కడ ఇప్పుడు నాలుగు గదులేసుకుంటే జీవితాంతం కూకుని తినొచ్చు." తెరమీద తెల్లటి ఇసుక, గుర్రబ్బండి, నీళ్లమీదకి వంగిన కొబ్బరిచెట్లు, ఈతకొలనులో తేలుతున్న పళ్లెంలో ఎవరిదో టిఫిను. "నేల మాత్రం మనోళ్లకి అమ్మరంట. అదొక్కటే ఇబ్బంది," అన్నాడు. "నేల ఇవ్వరు. చెట్టు ఇస్తారు," అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి నన్ను చూశాడు. వాడు చూపించింది మా దీవి కాదు, దాని పక్కది. వీడియో చివర్లో దూరంగా సన్నని నల్లగీత ఒకటి కనబడింది. మాది అది.

ఇంట్లో ఇప్పటి పిల్లలెవరికీ ఆ సంగతి తెలియదు. మా అయ్య ఓడల మీద కలాసీగా తిరిగిన మనిషి. ఒకసారి కాలు విరిగితే అక్కడి రేవులో దింపేసి ఓడ వెళ్లిపోయింది. హసన్ అనే కొబ్బరి వర్తకుడు ఆయన్ని తన దీవికి తీసుకుపోయి, కాలు అతికేదాకా ఇంట్లో పెట్టుకున్నాడు. అతికిన కాలితో అయ్య ఆ దీవంతా కుంటుతూ తిరిగి, కొబ్బరిచెట్లని చూసి, ఉద్దానం రైతు కదా, వీళ్లకి చెట్టుని పెంచడం రాదని తేల్చేశాడు. అక్కడి కట్టుబాటు ఆయనకి బాగా నచ్చింది. నేల ఊరివాళ్లదే, పరాయివాడికి పిడికెడు కూడా రాదు. కానీ చెట్టు మాత్రం నాటినవాడిది, వాడి తరవాత వాడి పిల్లలది. నేలగలవాడికైనా దానిమీద గొడ్డలి వేసే హక్కు లేదు. ఇంటికొచ్చి తన వాటా తోట మా పెదనాన్నకి అమ్మేసి ప్రయాణం కట్టమన్నాడు. "మన ఉద్దానంలో కొబ్బరిసెట్లు లేవనేటి, సముద్రం దాటి పోడం?" అంది అమ్మ. "ఇక్కడ సెట్టుకి అన్నదమ్ముల వాటాలున్నాయి. అక్కడ ఏసినోడిదే సెట్టు," అన్నాడు అయ్య. అప్పటికి నాకు పాలపళ్లు ఊడుతున్నాయి. ఊడిన పన్నొకటి మా ఇంటి కప్పు మీదకి విసిరి బయల్దేరాను. తరవాతి పన్ను హసన్ మావ ఇంటి కప్పు మీద పడింది.

ఆ దీవిని ఇప్పుడు తలుచుకుంటే ముందు వచ్చేది వాసన. ఎండబెట్టిన కొబ్బరి వాసన, తియ్యగా, కాస్త ముక్కిపోయినట్టు, చీరల్లోకి, జుట్టులోకి, తాగే నీళ్లలోకి కూడా ఎక్కేది. మా ఇల్లంటే తాటిమట్టంత వెడల్పు వసారా, రెండు గదులు, ముందు కొబ్బరి ఆరబెట్టే వెదురు మంచె. అమ్మ పొద్దున్నే తనే కట్టుకున్న కొబ్బరీనెల చీపురుతో ఇసుక వాకిలి ఊడ్చి, పగడపు రాయి నూరిన పొడితో ముగ్గు వేసేది. హసన్ మావ కోళ్లు వచ్చి అది చెరిపి పోయేవి. మళ్లీ మర్నాడు వేసేది. బావినీళ్లు ఉప్పగా ఉండేవి. తాగేనీళ్లు పడవలో పెద్ద దీవి నుంచి వచ్చేవి కాబట్టి బియ్యం కడిగిన నీళ్లు, చేపలు కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు, ఏదీ నేలపాలు కానిచ్చేది కాదు. అన్నీ బిందెలో పోసి సాయంత్రం మొక్కలకి పంచేది. హసన్ మావ చీకటిపడే వేళకి అరుగు మీద కూర్చుని లవంగం వాసనేసే చుట్ట కాలుస్తూ తాళ్లు పేనేవాడు. ఆయన భార్య సీతి వండే రొయ్యల ముద్ద వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. అమ్మ వేయించే నెత్తళ్ల వాసనకి మాత్రం సీతి గిన్నె పట్టుకుని వచ్చేసేది. ఎండు చేప దగ్గర ఇద్దరికీ పేచీ లేదు.

మొక్కలు నాటిన రోజు బాగా గుర్తు. మా ఉద్దానంలో కొబ్బరిమొక్క నాటితే గోతిలో ఉప్పు వెయ్యాలి. వెయ్యకపోతే మొక్కకి బలం రాదని, చెదలు పడుతుందని మా తాతల నాటి మాట. అందుకని అమ్మ వచ్చేటప్పుడు నౌపడ ఉప్పుమళ్లలో పండిన ఉప్పు ఒక గోనెసంచెడు మోసుకొచ్చింది. ఓడమీద దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది. గోతులు తవ్వి ఉప్పు పోస్తుంటే దీవి దీవంతా వచ్చి చూసింది. చుట్టూ ఉప్పు సముద్రం, నేలంతా ఉప్పే, బావిలోనూ ఉప్పే, ఈవిడ సముద్రం దాటించి మరీ ఉప్పు తెచ్చిందని సీతి కడుపు పట్టుకుని నవ్వింది. అయ్యకి కూడా సిగ్గేసింది. "సాల్లేవే, ఇక్కడి మట్టికి అక్కర్నేదు," అన్నాడు. అమ్మ తలెత్తకుండా, "సెట్టుకి మనూరు తెలియాలి గదా," అని గుప్పెడు గుప్పెడు వేసుకుంటూ పోయింది. ఆఖరి గోతి దగ్గర చేతిలో మిగిలింది నాకిచ్చి వెయ్యమంది. తొలి గెల దిగితే అది మన ఊరి గంగమ్మదేననీ, ఆ తరవాతే ఇంట్లోవాళ్లు కాయ కొట్టుకోవాలనీ అక్కడే మొక్కుకుంది.

అమ్మకి మనుషులు కరువైన సంగతి అప్పట్లో నాకు తెలియదు. హసన్ మావ కూతురు నూర్ నా ఈడుది. దానితో తిరిగి ఒక్క వానాకాలంలో నాకు ఆ భాష వచ్చేసింది. అయ్యకి ఓడల మీద తిరిగినప్పుడే వచ్చింది. పైగా ఆయన కొబ్బరి వేసుకుని పడవమీద పెద్ద దీవికి పోతే వారాల తరబడి రాడు. అమ్మకి మాత్రం ఆ భాష నాలుక మీద నిలవలేదు. అయ్య లేని రోజుల్లో ఆవిడ నోరు తెరిచేది సాయంత్రం మొక్కలకి నీళ్లు పోసేటప్పుడే. "నీకేటే, బాగానే తింతన్నావు," అని ఒకదాన్ని, "నువ్వేటి అలగ ముడుసుకుపోనావు, దిష్టి తగిల్నాదేటి," అని ఇంకోదాన్ని పలకరించేది. చీర కుచ్చిళ్లు దోపుకుని, వంగి, ఆకుల్లోకి మొహం పెట్టి, పక్కింటావిడతో గోడమీంచి మాట్లాడినట్టు ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. నేనూ నూరూ దూరంగా నిలబడి కిసుక్కుమనేవాళ్లం. ఇప్పుడు బాల్కనీలో తులసి మొక్కతో నేనూ అలాగే మాట్లాడుతున్నాను. నవ్వడానికి ఎవరూ లేరు.

మొక్కలు నా ఎత్తు దాటిన ఏడు, మా అమ్మమ్మ పోయిందని కబురొచ్చింది. అది సముద్రాలు దాటి మా దగ్గరికి చేరేసరికి పదో రోజూ, నెల మాసికాలూ ఎప్పుడో గడిచిపోయాయి. అమ్మ ఏడవలేదు. అమావాస్య చూసుకుని, స్నానం చేసి, బియ్యం వండింది. మినుములు దొరకవు గనక ఏదో పప్పు రుబ్బి గారెలు చేసింది. అరటాకులో వడ్డించి, మంచెమీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. అప్పుడు తెలిసింది మాకు, ఆ దీవిలో కాకి లేదని. కొంగలున్నాయి, గువ్వలున్నాయి, సముద్రపు పిట్టలున్నాయి. అన్నాళ్లున్నాం కానీ కాకి అరుపు వినబడటం లేదని ఎవరికీ తట్టలేదు. రోజూ వినబడేది మానేస్తే తెలియదు కాబోలు. అమ్మ మాటలివ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, తమ్ముణ్ని సూసుకుంతానే. నీ ఆవుని అమ్మనివ్వనే. దిగే." ఎవరు దిగాలి? ఎండ నడినెత్తికొచ్చింది, వాలింది. అన్నం ఎండి పెళుసైపోయింది. సీతికి ఏం జరుగుతోందో బోధపడలేదు. అయినా పని మానుకుని వచ్చి, అమ్మ పక్కన చతికిలబడి, అమ్మ ఆకాశం వంక చూస్తే తనూ ఆకాశం వంక చూస్తూ, పొద్దుగూకేదాకా కదలలేదు. ఒక్క మాట కలవని ఆ ఇద్దరూ అలా పక్కపక్కన కూర్చోవడం నేను చూశాను.

అయ్య పడవ దిగి వచ్చేసరికి ఆకు ఇంకా మంచె మీదే ఉంది. అమ్మ లేచి నిలబడింది. "ఇక్కడికి మన పెద్దలు రారు. నాను పోతే నీకాడికి ఎలగొస్తాను? నువ్వు పోతే నాకాడికి ఎలగొస్తావు? కాకి నేని నేల మీద నానుండను."

"తొలి గెల దాకా ఓపిక పట్టీ. ఇంకెంత, రెండేళ్లు," అన్నాడు అయ్య. ఆయన గొంతు అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. తన వాటా తోట, ఓడల మీది కష్టం, అంతా ఆ మొక్కల్లోనే ఉంది.

"మళ్లీ వచ్చి దింపుకుందుం గాని. ముందు నన్ను మనూరు తీసుకెళ్లిపో," అంది అమ్మ. గాలి తిరగ్గానే బయల్దేరాం. రేవులో సీతి అమ్మ చేతులు వదల్లేదు. హసన్ మావ అయ్యతో, "నేల నాది, చెట్లు మీవి. మీరు వచ్చి చెప్పేదాకా అవి అలాగే ఉంటాయి," అన్నాడు.

మళ్లీ వెళ్లలేదు. వాటా అమ్ముకున్న మనిషి కాబట్టి అయ్య తన అన్న తోటలోనే కూలికి పనిచేశాడు. ఎక్కువ కాలం బతకలేదు. ఆయన పదో రోజున విస్తరి వేసీ వెయ్యకముందే కాకి దిగింది. అందరూ పుణ్యాత్ముడన్నారు. అమ్మ మాత్రం, "ఆయనకి కోరుకోడానికేటీ మిగల్నేదు," అని లోపలికి వెళ్లిపోయింది. ఊళ్లో కాకులకి కొదవలేదు, మనుషులకీ కొదవలేదు, తెలుగుకి అసలే లేదు. కానీ ఆ దీవి గురించి చెప్పబోతే వినేవాడు లేడు. "ఆ బోడి దీవి మాటెందుకే, ఉన్నదంతా ఊడ్చుకుపోనాది," అనేవాళ్లు. అక్కడ ఉండగా ఇక్కడి కబుర్లు చెట్లకి చెప్పుకున్న మనిషి, ఇక్కడికొచ్చాక అక్కడి కబుర్లు మింగేసి కూర్చుంది. నా దగ్గరికి విజయనగరం వచ్చాక, పావురాలు రాకుండా కట్టిన వలలోంచి వానలు వెలిసిన ఆకాశాన్ని చూస్తూ ఏటా ఒకసారి, "ఈపాటికి గెలలు దిగుంతాయి," అనేది. నేను పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేదాన్ని. పట్టుబట్టి తనే వదిలేసి వచ్చిన చోటు, దానిమీద ఏం మమకారం ఉంటుందిలే అనుకున్నాను. మేడ మీద పెద్దమ్మ అడిగినప్పుడు కూడా నాకా దీవి గుర్తురాలేదు.

కిరణ్ నన్ను వదల్లేదు. "సెట్లు నీవైతే మనకి అక్కడ హక్కున్నట్టేగదత్తా!" అని టికెట్లు తీసేశాడు. నేను కూడా వద్దనలేదు. ఇంట్లో ఎవరున్నారని? సంచిలో రెండు చీరలు, ఎండు నెత్తళ్ల పొట్లం పెట్టుకున్నాను. అప్పుడు రోజులు పట్టిన దూరం ఇప్పుడు రెండు భోజనాలు, ఒక కునుకు. మరపడవలో పోతుంటే కిరణ్ ఉత్సాహంగా ఫోటోలు తీస్తున్నాడు. రేవులో దిగాక కొబ్బరి వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చాను. కాఫీ వాసన, జనరేటరు పొగ వాసన వచ్చాయి. హసన్ మావ తాళ్లు పేనిన అరుగు ఉండాల్సిన చోట సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టుంది. ఆడపిల్లలు గొడుగుల కింద బోర్లా పడుకుని ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. అమ్మ ఇప్పుడు ఇక్కడుంటే తనొక్కతే ఒంటరి అయ్యేది కాదేమో అనిపించింది.

ఆ కొట్టు వెనక ఇంట్లోనే ఉంది నూర్. జుట్టు తెల్లబడింది, పళ్లు ఊడాయి. నా పేరు చెప్పేలోపే నా మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. నా నోట్లో ఆ భాష తుప్పుపట్టి ఉంది, మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. సీతి, హసన్ మావ ఎప్పుడో పోయారు. నూర్ నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయింది. అటూ ఇటూ హోటళ్లు, మధ్యలో గళ్ల చొక్కాకి అతుకు వేసినట్టు ఒక్క తోట. మా చెట్లు. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తు. "హోటలువాళ్లు అడగని ఏడు లేదు," అంది నూర్. "చెట్లు ఎవరివో వాళ్లే వచ్చి చెప్పాలని నాన్న మాట. వాళ్లకి ఆ కట్టుబాటంటే నవ్వు. ఊరివాళ్లకి కాదు. తొలి గెల మీ అమ్మదని మా అమ్మ ముట్టనివ్వలేదు. వసారాలో దాచింది. మీరు రాలేదు, కాయలు మొలకలొచ్చేశాయి. అవే ఇవి." తోట వెనక ఇంకో వరస చూపించింది. "ఇప్పుడు నువ్వొచ్చావు. నువ్వేమంటే అది."

కిరణ్‌కి భాష రాకపోయినా సంగతి అందింది. "అత్తా, సరేనని ఒక్క మాట అను సాలు. హోటలోడు మనకి గదుల్లో వాటా ఇస్తాడు. తాత అమ్ముకున్నదానికి పదింతలు తిరిగొస్తాది," అన్నాడు. చెడ్డవాడేం కాదు వాడు. వాడి లెక్క వాడిది. "ఇవి నావి కావురా. అమ్మవి. అడిగి సెప్తాను," అన్నాను.

అప్పుడు తలమీద నుంచి వినబడింది. కా మని. తలెత్తాను. మా చెట్టు మట్టమీద, మెడ చుట్టూ బూడిదరంగు ఉన్న మన ఊరి కాకి. నూర్ విసుక్కుంది. "ఈ పాడు పిట్టలు ఓడల మీద వచ్చాయట. హోటళ్ల చెత్తకి మరిగాయి. మా చిన్నప్పుడు ఉండేవా?" ఉండేవి కావు నూర్, ఉండి ఉంటే నేనిక్కడే ముసలిదాన్నయ్యేదాన్ని.

నూర్ పొయ్యిమీద అన్నం వండాను. నెత్తళ్లు వేయించాను. మంచె ఎప్పుడో కూలిపోయింది, అందుకని చెట్టు మొదట్లోనే అరటాకు వేసి వడ్డించి, జరిగి నిలబడ్డాను. నూర్‌కి చిన్నప్పటి ఆ రోజు గుర్తుంది, ఏమీ అడక్కుండా నా పక్కకి వచ్చి నిలబడింది. "అమ్మా, సెట్లు కొట్టనివ్వను. దిగే," అన్నాను. కిరణ్ నా వైపు చూసి, తలదించుకుని, చెప్పులు విడిచాడు. కాకి మట్టమీద పక్కకి జరిగింది, దిగలేదు. "ఒక గెల గంగమ్మకి పట్టుకెళ్తాను." దిగలేదు. ఇంకేం కావాలి ఈవిడకి? కోపమొచ్చింది నాకు. నీ కోసం ఇంత దూరం వచ్చాను, నీ మంచం తియ్యకుండా ఉంచాను, నీ టీ ఇంకా పెడుతున్నాను, నువ్వు లేని ఇంట్లో నేను ఎలా... అని అక్కడ ఆగిపోయాను. ఏడాదిగా ఆవిడ మేడ మీదకి రావాలని, నా దగ్గరికే రావాలని నేను విస్తరి వేస్తూ వచ్చాను.

"అమ్మా, నువ్విక్కడే ఉండిపో," అన్నాను. "నన్నొదిలెయ్. నాను నిన్ను ఇంక రమ్మనను."

కాకి దిగింది. ముందు నెత్తళ్లే తీసుకుంది. "ముట్టీసినాదత్తా!" అన్నాడు కిరణ్, వాడి కళ్లలో నీళ్లు. నూర్ నా భుజం పట్టుకుంది. చెట్ల నీడ నీది, కాయలు నీవి, కొట్టడం మాత్రం లేదని నూర్‌తో చెప్పాను.

మర్నాడు గంగమ్మ గెలతో పడవ కదిలాక కిరణ్, "తోట కనబడతన్నాది, సూడత్తా," అన్నాడు. నేను తల తిప్పలేదు. చూస్తే పిలిచినట్టవుతుంది.